చదవడం ఎలా నేర్పారు? వీధి బడి నుంచి నేటి బడి దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం రాసి ఇవ్వమని కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. కరవు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం పంచాయతీ సమితిలోను, తర్వాత మండల కార్యాలయంలోను ప్రాథమిక పాఠశాలల ఫైళ్ళు చూసిన గుమాస్తాను. పాఠం చెప్పినవాణ్ణి కాను, పాఠం చెప్పినవారి జీతాల బిల్లులు రాసినవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన విషయమే రాస్తాను. మన ఊళ్ళ బడుల్లో పిల్లలకు చదవడం ఎలా నేర్పారు, ఎంతవరకు వచ్చింది అన్నదే ఆ విషయం.

ఈ ఆలోచన రావడానికి కారణం మా మనవడు. రెండో తరగతి చదువుతున్నాడు. మొన్న వేసవిలో తెలుగు పుస్తకం తెచ్చి పాఠం గడగడ అప్పజెప్పాడు. మెచ్చుకుని, ఒక వాక్యం మధ్యలో వేలు పెట్టి, "ఇక్కడ ఏముంది నాయనా?" అని అడిగాను. వాడు నా ముఖం చూసి, "మొదటినుంచి చెప్తే వస్తుంది తాతా" అన్నాడు. ఇంట్లో అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అరవై ఏళ్ళకు పైబడిన ఒక సంగతి గుర్తొచ్చింది. దాన్ని తర్వాత చెబుతాను. ముందు చరిత్ర చూద్దాం.

వీధి బడి రోజులు

మన ప్రాంతపు పాత బడుల గురించి వివరంగా తెలిపే ఆధారాల్లో ముఖ్యమైనది బళ్ళారి కలెక్టరు ఎ.డి.క్యాంబెల్ 1823 ఆగస్టులో మద్రాసు రెవెన్యూ బోర్డుకు పంపిన నివేదిక. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో జిల్లాలవారీగా బడులెన్ని, పిల్లలెందరు, ఏం చదువుతున్నారు అని కలెక్టర్లందరినీ అడిగించాడు. ఆ రోజుల్లో బళ్ళారి జిల్లా అంటే నేటి అనంతపురం ప్రాంతం కూడా అందులోనిదే.

క్యాంబెల్ ఇచ్చిన లెక్క ఇది. జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదివేవారు 6,641 మంది. అంటే వెయ్యిమందిలో ఏడుగురు కూడా లేరు. 533 బడుల్లో కన్నడం నేర్పేవి 235, తెలుగు నేర్పేవి 226, మరాఠీ 23, పారశీకం 21, అరవం 4, ఇంగ్లీషు ఒక్కటి. మిగిలినవి శాస్త్రాలు చెప్పే పాఠశాలలు. ఇక ఆడపిల్లలు జిల్లా మొత్తానికి అరవై మంది. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

బడి జరిగే తీరు కూడా ఆయన రాశాడు. పొద్దున ఆరు గంటలకే పిల్లలు చేరాలి. మొట్టమొదట వచ్చినవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్నా. అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాడికి వరసగా ఒక్కోటి ఎక్కువ. మనలో పెద్ద వయసువారు తమ నాన్నల, తాతల నోట ఇలాంటి బడుల కథలు విని ఉంటారు.

అక్షరాలు నేర్పడం ఇసుకలో వేలితో రాయించడంతో మొదలయ్యేది. గుంట ఓనమాలు అనే మాట అక్కడినుంచి వచ్చిందే. ఓం నమః శివాయ, సిద్ధం నమః అని మొదలుపెట్టేవారు కాబట్టి అక్షరాలకే ఓనమాలని పేరు వచ్చింది. ఇసుకలో చేయి తిరిగాక ఆకుల మీద గంటంతోనో, నల్లగా పూత పూసిన పలక లాంటి కడితం మీదనో రాసేవారు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పేవారు. అయ్యవారు ఒక్కడే అయినా బడి నడిచేది అందుకే.

ఈ పద్ధతి సీమకు కూడా పోయింది. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడిగా ఉన్న ఆండ్రూ బెల్ అనే పాదిరీ ఇక్కడి వీధి బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి, తన ఆశ్రమంలో అదే పెట్టాడు. పిల్లల చేత పిల్లలకు చెప్పించాడు. 1797లో లండనులో దాని మీద పుస్తకం వేశాడు. మద్రాసు పద్ధతి అనే పేరుతో అది ఇంగ్లండులో వేల బడులకు పాకింది. మన వీధి బడి అయ్యవారికి ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు.

ఇంత చెప్పిన క్యాంబెల్ ఒక పెద్ద లోపం కూడా ఎత్తి చూపాడు. పిల్లలు పద్యాలు వందలకొద్దీ అప్పజెబుతారు గాని వాటి అర్థం వారికి తెలియదు, నేర్పిన మాట పలికే చిలుకకు తెలిసినంతే తెలుసు అన్నది ఆయన మాటల సారం. పుస్తకాల్లో ఉన్న భాష వేరు, పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష వేరు కావడం దీనికి కారణమని కూడా రాశాడు. తెల్లదొర మాట గనుక ఎంతవరకు నమ్మాలి అని కొందరు అడగవచ్చు. అదే నివేదికలో ఆయన కంపెనీ పాలనలో సీమ బట్టలు వచ్చి పడి నేతగాళ్ళు చితికిపోయారని, జనం పేదలై బడులు మూతపడుతున్నాయని కూడా రాశాడు. తన ప్రభుత్వానికి నచ్చని మాట కూడా చెప్పినవాడే కాబట్టి ఈ మాటనూ తీసిపారేయలేం.

అన్ని జిల్లాల లెక్కలూ చేరాక 1826 మార్చిలో మన్రో తన అభిప్రాయం రాశాడు. రాజధాని మొత్తానికి బడులు 12,498, జనాభా 1,28,50,941. అంటే సుమారు వెయ్యిమందికి ఒక బడి. సర్కారు ఖర్చుతో జిల్లాల్లోను తాలూకాల్లోను బడులు పెట్టాలని సిఫారసు చేశాడు గాని, మరుసటి ఏడే పత్తికొండలో కలరాతో చనిపోయాడు.

అచ్చు పుస్తకం, దాని భాష

పంతొమ్మిదో శతాబ్దంలో అచ్చు పుస్తకం వచ్చింది. పుదూరు సీతారామశాస్త్రి గారి బాలశిక్ష పెరిగి పెద్ద బాలశిక్ష అయింది. అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, తర్వాత రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, ఆ పైన నీతి వాక్యాలు, ఎక్కాలు, తిథులు, నక్షత్రాలు. ఒక్క పుస్తకంలో సంసారానికి కావలసిన చదువంతా ఉండేది. మనలో చాలామంది ఇళ్ళలో అది దేవుడి గూట్లో ఉండేది.

ఇక్కడ మన లిపి సంగతి కొంచెం చెప్పాలి. పిల్లవాడికి అచ్చులూ హల్లులూ వస్తే చాలదు. ఒక్కొక్క హల్లుకు తలకట్టు, దీర్ఘం, గుడి, గుడి దీర్ఘం, కొమ్ము, ఏత్వం, ఐత్వం, ఒత్వం అన్నీ రావాలి. ఒత్తులు కింద రాస్తాం గాని పైదాని తర్వాత పలుకుతాం. తవత్తు, మవత్తు, యవత్తు లాంటివి అసలు అక్షరం పోలికతోనే ఉండవు. వకూ మకూ, దకూ డకూ తేడా చిన్న కంటికి తెలియడానికి రోజులు పడుతుంది. అందుకే పాత అయ్యవార్లు నెలల తరబడి గుణింతం వల్లె వేయించేవారు. అది వారి మూర్ఖత్వం కాదు. పని అంత ఉంది.

అయితే మన లిపిలో ఒక సుఖం కూడా ఉంది. రాసినట్టే పలుకుతాం, పలికినట్టే రాస్తాం. ఇంగ్లీషులో లాగా ఒక అక్షరానికి పది పలుకుబడులు లేవు. కాబట్టి గుణింతాలు వచ్చిన పిల్లవాడు తనకు అర్థం కానిదాన్ని కూడా పైకి పలకగలడు. చిక్కు అక్కడే ఉంది. పలికితే చదివినట్టే అని అయ్యవారు అనుకుంటాడు, తండ్రి అనుకుంటాడు, పిల్లవాడు కూడా అనుకుంటాడు. ఇక గుణింతాలు కూడా సరిగ్గా రాని పిల్లలు పక్కవాడు చెప్పింది విని కంఠతా పట్టి గట్టెక్కేస్తారు.

పుస్తకం భాష గురించి క్యాంబెల్ చెప్పిన మాటను సుమారు ఎనభై ఏళ్ళ తర్వాత మనవారే ఉద్యమంగా తీసుకున్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, సవర పిల్లలకు వారి భాషలోనే, తెలుగు లిపిలో వాచకాలు రాశారు. తన ఖర్చుతో బడులు పెట్టించారు. పిల్లవాడికి తెలిసిన మాటతోనే అక్షరం నేర్పాలి అన్నది ఆయనకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు, సవర పిల్లల ముందు కూర్చుని తెలుసుకున్నది.

ఆ తర్వాత 1906 ప్రాంతంలో జె.ఎ.యేట్స్ అనే దొర ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకోబోయి, పుస్తకంలో తెలుగు ఒకటి, బజారులో తెలుగు ఇంకొకటి కావడం ఏమిటని అడిగాడు. గిడుగు వారు, గురజాడ అప్పారావు గారు, పి.టి.శ్రీనివాస అయ్యంగారు గారు ఆయనతో కలిశారు. వ్యావహారిక భాషోద్యమానికి బడి పిల్లల చదువే మొదటి కారణం అన్న సంగతి మనం మరిచిపోతున్నాం. గిడుగు వారు 1940 జనవరిలో కాలం చేశారు. బడి పుస్తకాల్లో వాడుక భాష పూర్తిగా కుదురుకోవడానికి ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పట్టింది. మేము చదివిన వాచకాల్లో వచ్చెను, పోయెను, చేయుచుండెను అనే ఉండేది. మెట్ట ఊరి పిల్లలం, అలా మాట్లాడేవాణ్ణి ఒక్కణ్ణయినా చూసి ఎరుగం.

మా బడి, మా చెల్లెలు

ఇక నా సంగతికి వస్తాను. మాది నెల్లూరు జిల్లాలో ఉదయగిరి వైపు మెట్ట ఊరు. రాజ్యాంగంలో 45వ అధికరణం ప్రకారం పదేళ్ళలో, అంటే 1960 నాటికి, పద్నాలుగేళ్ళ లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అందాలి. మా ఊళ్ళో బడి ఉండేది. ఒక్క గది, ఒక్క అయ్యవారు, ఐదు తరగతులు. ఒకటో తరగతి ఇసుక మీద, రెండు పలక మీద, మిగతావి పుస్తకం మీద. అయ్యవారు మంచివారే. ఐదు తరగతులకు ఒక్క మనిషి ఏం చేయగలడు? క తలకట్టిస్తే క, క దీర్ఘమిస్తే కా అని ఒకడు అరిస్తే ముప్ఫై మంది అందుకునేవారు. ఊరి చివరిదాకా వినిపించేది. విన్నవారు బడి బాగా జరుగుతోంది అనుకునేవారు.

1959లో నేను ఐదో తరగతి, మా చెల్లెలు రెండో తరగతి. తనిఖీకి ఒక అధికారి వచ్చారు. అయ్యవారు మా చెల్లెల్ని లేపారు. గొంతు మంచిది, తడుముకోకుండా చెబుతుంది. ఆ అధికారి ఒక పేజీ తీసి ఇచ్చారు. అది పుస్తకం కళ్ళ ముందు పెట్టుకుని ఒక్క తప్పు లేకుండా పాఠమంతా చదివింది. అంతా అయ్యాక ఆయన పుస్తకం తీసుకుని చూసి, "అమ్మాయీ, నువ్వు చదివింది వెనక పేజీలోది" అన్నారు. బడి అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను.

ఇంటికి వచ్చి ఆ సంగతి నాన్నకు చెప్పింది కూడా నేనే. "దీనికి చదువు అంటదు లే" అన్నాడాయన. ఆ సంవత్సరం దాటకుండానే చంటి తమ్ముణ్ణి చూసుకోవడానికి దాన్ని బడి మానిపించారు. అంత పాఠం కంఠతా పట్టిన పిల్లకు తెలివి లేదని ఎలా అనుకున్నామో ఇప్పటికీ అర్థం కాదు. చదవడం నేర్పలేదని ఎవరూ అనలేదు. చదువు రాదని మాత్రం అందరం అన్నాం.

అదే సంవత్సరం నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు వచ్చాయి. 1971లో నేను ఒక సమితి కార్యాలయంలో గుమాస్తాగా చేరాను. విద్య సీటు ఇచ్చారు. బడుల నుంచి వచ్చే నెలవారీ పట్టికలు కూడి పైకి పంపడం నా పని. రోలు ఎంత, హాజరు ఎంత, బాలురెందరు, బాలికలెందరు, షెడ్యూల్డు కులాలవారెందరు, నల్లబల్ల ఉందా, గడియారం ఉందా, అన్నిటికీ గడులు ఉండేవి. వారిలో చదవడం వచ్చినవారు ఎందరు అనే గడి మాత్రం నేను నింపిన ఏ పట్టికలోనూ లేదు. పదిహేనేళ్ళు ఆ పట్టికలు కూడాను. ఆ గడి ఎందుకు లేదని ఒక్కరోజు కూడా నాకు అనిపించలేదు. మా చెల్లెలి సంగతి తెలిసినవాణ్ణయి ఉండి కూడా.

1986లో మా బావ పోయాడు. ప్రభుత్వ శాఖలో అటెండరు. కుటుంబ పెన్షను కాగితాలు సంతకం చేయాలని మా చెల్లెలు కబురు పెట్టింది. నాకు ఆడిట్ పని ఉండి సెలవు దొరకలేదు. "పెద్దవాళ్ళు చెప్పినచోట సంతకం పెట్టు, మిగతాది నేను వచ్చి చూస్తాను" అని కార్డు రాశాను. పక్కింటివాళ్ళు చదివి వినిపించారు. దానికి పేరు రాయడం ఒక్కటే వచ్చు. పెన్షను కాగితాల మధ్య మరో కాగితం కూడా ఉంది. ముప్పావు ఎకరం మెట్ట చేను మీద తన హక్కు వదులుకుంటున్నట్టు అందులో ఉంది. నేను వెళ్ళేసరికి రిజిస్ట్రేషను కూడా అయిపోయింది. దగ్గరి బంధువుల పనే. పేర్లు ఇప్పుడు అనవసరం. అది నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు చెప్పినట్టే చేశా అన్నా" అంది.

మాట నుంచి అక్షరానికి

ఆ రోజుల్లోనే బడుల్లో నేర్పే తీరు మారుతూ వచ్చింది. అక్షరం నుంచి మాటకు కాకుండా, తెలిసిన మాట నుంచి అక్షరానికి రావడం అనే పద్ధతి వాచకాల్లోకి వచ్చింది. తల బొమ్మ చూపి తల అనే మాట, వల బొమ్మ చూపి వల అనే మాట చెబుతారు. రెండిటిలోనూ ఉన్న ల ఏదో పిల్లల చేత పట్టిస్తారు. ఆ ల తోనే కల, పలక, అల కట్టిస్తారు. మొదటి రోజునుంచే పిల్లవాడికి తాను చదివినదాని అర్థం తెలుస్తుంది. అయితే గుణింతాలు, ఒత్తులు అంతటితో వదిలేస్తే కుదరదు. వదిలేసిన బడుల్లో పిల్లలు బొమ్మ చూసి మాట ఊహించడం నేర్చుకున్నారు. మా మనవడి విద్య అదే. అక్షరం అభ్యాసమూ కావాలి, అర్థమూ కావాలి. ఒకటి ఉంటే రెండోది దానంతట రాదని నేను చూసిన అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులందరూ చెప్పేవారు.

1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు, బోధన సామగ్రి ఉండాలన్నది దాని ఉద్దేశం. బ్రిటిష్ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది. ఉపాధ్యాయులు నెలనెలా ఒకచోట చేరి పాఠాలు చెప్పే తీరు మాట్లాడుకునే కేంద్రాలు దాని వల్ల వచ్చాయి. 1996 నుంచి డి.పి.ఇ.పి. వచ్చింది. వీటన్నిటి బిల్లులూ నేను చూసినవాణ్ణే. బడులు పెరిగాయి, ఆడపిల్లలు వచ్చారు. ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 1961లో 21 శాతం ఉండగా 1991లో 44, 2001లో 60, 2011లో 67 శాతం అయింది. ఇది చిన్న సంగతి కాదు.

కాని నాకు అన్నిటికన్నా గుర్తుండేది 1991. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం ఊరూరా రాత్రి బడులు పెట్టింది. దూబగుంట ఆడవారు ఆ చదువు తర్వాతే సారా దుకాణం మీదకు వెళ్ళారు. ఆ కదలిక పెరిగి పెరిగి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఇదంతా మనందరికీ తెలిసిన చరిత్ర. మా చెల్లెలు ఉన్న ఊళ్ళో కూడా లాంతరు కింద బడి పెట్టారు. ముప్ఫై తొమ్మిదేళ్ళ వయసులో పలక పట్టింది. చదువు చెప్పింది పదో తరగతి తప్పిన ఒక కుర్రవాడు. అక్షరమాలతో కాక, వాళ్ళు రోజూ అనే మాటలతో మొదలుపెట్టాడట.

ఆరు నెలలకు నాకు ఒక ఉత్తరం వచ్చింది. పెద్ద పెద్ద అక్షరాలు. ఒత్తులు కొన్ని పక్కకు పోయాయి. "అన్నా, పెట్టెలో నీ పాత కార్డు ఉంటే తీసి చదివా. నాయంతట నేనే చదివా. సెలవు దొరికితే రా." అంతే ఉంది. ఏ కార్డు అని అడగవలసిన పని లేదు. దాని దగ్గర ఉన్నది ఆ ఒక్కటే. ఆ ఉత్తరం పట్టుకుని ఆఫీసులో చాలాసేపు కూర్చున్నాను. ఇంకో ఉద్యోగి వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

ఇప్పటి సంగతి

ఇప్పుడు చదువు హక్కు. 2009లో చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. బడికి రాని పిల్లలు బాగా తగ్గారు. అయితే 2005 నుంచి ప్రథమ్ సంస్థ ఆధ్వర్యంలో అసర్ పేరుతో ఊళ్ళలో ఒక సర్వే జరుగుతూ వస్తోంది. సర్వే చేసేవారు ఇంటికి వెళ్ళి పిల్లవాడి చేతికి ఒక కాగితం ఇస్తారు. అందులో కొన్ని అక్షరాలు, కొన్ని చిన్న మాటలు, నాలుగు తేలిక వాక్యాలు, ఒక చిన్న కథ ఉంటాయి. ఎంతవరకు చదివితే అంతవరకు రాసుకుంటారు. దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగినవారు 2018లో 50.5 శాతం. కరోనాకు బడులు మూతపడిన తర్వాత 2022లో 42.8 శాతం. నా పట్టికల్లో లేని గడి ఇదే. ఇన్నాళ్ళకు ఎవరో నింపారు.

ప్రభుత్వాలు కూడా గుర్తించాయి. 2021 జూలైలో కేంద్రం నిపుణ్ భారత్ ప్రారంభించింది. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్నది లక్ష్యం. 2022లో తెలంగాణలో తొలిమెట్టు మొదలైంది. తరగతిని బట్టి కాక, పిల్లవాడికి ఎంతవరకు వచ్చో చూసి అక్కడినుంచి నేర్పడం ఇలాంటి కార్యక్రమాల్లో ముఖ్యమైన భాగం. వీధి బడిలో అయ్యవారు కూడా అంతే చేసేవాడు. అక్కడ తరగతి లేదు, ఎవడి పాఠం వాడిది. మంచి సంగతిని వదిలేసి, వల్లె వేయించడాన్ని మాత్రం రెండు వందల ఏళ్ళు పట్టుకు తిరిగాం.

పెన్షనరు మిత్రులకు నా మనవి ఒకటే. మనకు తీరిక ఉంది, కళ్ళజోడు ఉంది, ఓపిక ఉన్నంతవరకు ఉంది. మనవలు పాఠం అప్పజెబితే మెచ్చుకుని ఊరుకోకండి. ఎప్పుడూ చూడని పేజీ తీసి, బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి, చదవమనండి. చదివాక, "ఇందులో ఏముంది?" అని అడగండి. రాకపోతే నవ్వకండి, నలుగురిలో చెప్పకండి. ఎక్కడ ఆగితే అక్కడినుంచి రోజుకు పావుగంట కూర్చోండి. ఇంగ్లీషు మీడియం పిల్లలకయినా ఇదే పద్ధతి. ఇంట్లో పిల్లలు లేనివారు దగ్గరి బడి ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి వారానికి ఒక గంట వెళ్ళవచ్చు. మా యూనిట్‌లో నలుగురం వెళుతున్నాం. వారు సంతోషంగానే కూర్చోబెడుతున్నారు.

మా చెల్లెలికి ఇప్పుడు డెబ్భై దాటాయి. కుటుంబ పెన్షను తీసుకుంటోంది. ఏటా లైఫ్ సర్టిఫికెట్టుకు బ్యాంకుకు వెళితే కాగితం మొత్తం, అడుగున ఉన్న చిన్న అక్షరాలతో సహా, నిదానంగా చదివి గాని సంతకం పెట్టదు. వెనక నిలబడినవారు విసుక్కుంటారు. విసుక్కోనీ. పోయిన నెల మా ఇంటికి వచ్చి పది రోజులు ఉంది. మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం నడిమి పేజీ తీసింది. వాడు "మొదటినుంచి చెప్తా నాయనమ్మా" అన్నాడు. "మొదటినుంచి నేను కూడా చెప్పేదాన్ని రా. ఇక్కడినుంచి చదువు" అంది.

పది రోజుల్లో ఆ ఒక్క పేజీ అయింది. వాడంతట వాడే చదివాడు.